అప్పు మనకొక్కటే మాట, ఇంగ్లీషుకు రెండు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. అనంతపురం పాతూరులో మా మేడమీది గదిలో సాయంత్రం పూట పెద్దవాళ్లకు ఇంగ్లీషు నేర్పిస్తున్నాను. పన్నెండు మంది వస్తారు. ఇద్దరు డ్వాక్రా సంఘం లీడర్లు, ఒక ఆటో డ్రైవరు, చీరల షాపుల్లో పనిచేసే అమ్మాయిలు, బెంగళూరులో ఉద్యోగాలు వెతుక్కుంటున్న డిగ్రీ పిల్లలు. బ్యాంకులో, ఫోన్లో కనబడే ఇంగ్లీషు అర్థం కావట్లేదని వాళ్లే అడిగితే, డబ్బుకు సంబంధించిన అరవై మాటలు తెలుగు అర్థాలతో రాసి జిరాక్స్ తీసి ఇచ్చాను. బట్టీ పట్టారు, అప్పజెప్పారు కూడా. వారం తర్వాత అడిగితే సగం తారుమారు. ఒకావిడ ఫోన్లో మెసేజ్ చూపించి, "క్రెడిట్ అయిందంట మేడమ్, నేను అప్పేమీ తీసుకోలేదే" అని భయపడిపోయారు. అది అప్పు కాదని చెప్పగలిగాను గానీ ఎందుకు కాదో చెప్పలేకపోయాను. నా జిరాక్స్‌లో క్రెడిట్ పక్కన 'అప్పు' అని రాసింది నేనే. నేను బీకాం చదవలేదు. ఈ మాటలు ఎలా నేర్పాలి? పిల్లలు షేర్ మార్కెట్ మాటలు కూడా చెప్పమంటున్నారు. చెప్పాలా?
ఒక టీచర్, అనంతపురం

జవాబు: అమ్మా, ముందు ఆవిడ భయం తీర్చండి. తక్కిన పాఠమంతా అందులోంచే వస్తుంది.

పాసుబుక్కు మన చేతిలో ఉంటుంది కాబట్టి అది మన లెక్క అనుకుంటాం. అది బ్యాంకు లెక్క. మనం ఐదు వేలు కట్టామంటే బ్యాంకు మనకు ఐదు వేలు బాకీ పడినట్టు. అడిగినప్పుడు తిరిగి ఇవ్వాలి. ఆ బాకీని బ్యాంకు తన పుస్తకంలో మన పేరు మీద క్రెడిట్ అని రాసుకుంటుంది. కూలి డబ్బు పడినా, పింఛను పడినా ఇదే లెక్క. ఆ డబ్బు ఇప్పుడు బ్యాంకు దగ్గరుంది, మనకు ఇవ్వాల్సింది. మన ఊళ్లో పాత వ్యాపారులు వాడే 'జమ' అన్న మాట దీనికి సరిగ్గా సరిపోతుంది. మీ జిరాక్స్‌లో 'అప్పు' పక్కన 'జమ' కూడా రాయించండి.

మరి కిసాన్ క్రెడిట్ కార్డులో క్రెడిట్ అంటే అప్పే కదా అని ఎవరైనా అడుగుతారు. అడగాలి కూడా. ఈ మాట లాటిన్‌లో నమ్మడం అన్న అర్థమున్న మాట నుంచి వచ్చింది. కిరాణా కొట్టాయన మనల్ని నమ్మి సరుకు అరువిస్తే అది క్రెడిట్. బ్యాంకు రైతును నమ్మి పంట లోను ఇస్తే అదీ క్రెడిటే. మనం బ్యాంకును నమ్మి డబ్బు దాని దగ్గర పెడితే అదీ క్రెడిటే. మూడు చోట్లా మాట ఒకటే. ఎవరు ఎవరిని నమ్మి ఇచ్చారన్నది మాత్రం మారింది. ఈ ముక్క చెప్పి, బోర్డు మీద ఇద్దరు మనుషుల బొమ్మలు గీసి మధ్యలో బాణం గుర్తు పెట్టండి. బీకాం అవసరం రాదు.

మీ అరవై మాటల జాబితా ఎందుకు నిలవలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. డబ్బు మాటల్లో ఎక్కువ భాగానికి ఒక దిక్కు ఉంటుంది. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతోంది అన్నది ఆ మాటలోనే దాగి ఉంటుంది. అర్థం పక్కన అర్థం రాస్తే ఆ దిక్కు కాగితం మీదికి రాదు. అప్పు సంగతే చూడండి. మనకు 'అప్పు' ఒక్కటే మాట. ఇచ్చామా, తీసుకున్నామా అన్నది వెనకాల వచ్చే క్రియ చెబుతుంది. ఇంగ్లీషులో ఇచ్చేవాడికి 'లెండ్', తీసుకునేవాడికి 'బారో', వేర్వేరు మాటలు. అందుకే మనవాళ్లు "బారో మీ హండ్రెడ్ రుపీస్" అంటారు. తెలివి తక్కువై కాదు. తెలుగులో ఆ పని క్రియ చేస్తుంది కాబట్టి, ఇంగ్లీషులో మాటే మారుతుందని వాళ్లకు ఎవరూ చూపించలేదు.

నేను క్లాసులో చేసేది ఒకటి చెబుతాను. పర్సులోంచి వంద నోటు తీసి ముందు వరుసలో ఉన్నామె చేతికిస్తాను. ఇస్తూ "ఐ యామ్ లెండింగ్ యూ ఎ హండ్రెడ్" అంటాను. ఆమె నోటు పట్టుకుని "ఐ యామ్ బారోయింగ్ ఎ హండ్రెడ్ ఫ్రమ్ యూ" అనాలి. నోటు చేతిలో ఉండగానే "ఐ ఓ యూ ఎ హండ్రెడ్" అనాలి. ఈ మూడోది చాలా ముఖ్యం. 'ఓ' అన్న క్రియకు మనకు ఒంటి మాట లేదు. "నీకు వంద ఇవ్వాలి" అంటాం, లేకపోతే "బాకీ ఉన్నా" అంటాం. అందుకే నేర్చుకునేవాళ్లు "ఐ గివ్ యూ హండ్రెడ్" అనేస్తారు. వినేవాడు ఇప్పుడే ఇస్తాడేమో అని చెయ్యి చాపుతాడు. తర్వాత ఆమె ఆ నోటు పక్కామెకు ఇస్తుంది. ఇప్పుడు ఇచ్చినామెకు రెండు వాక్యాలు రావాలి. నాకు బాకీ ఉంది, పక్కామె నుంచి ఆమెకు రావాలి. ఇలా నోటు గదంతా తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి "పే బ్యాక్" కూడా వచ్చేస్తుంది. ఇరవై నిమిషాలు పడుతుంది. అసలు నోటే వాడండి, కాగితం ముక్క వద్దు. చేతిలో నిజమైన దుడ్లు ఉంటే మనిషి మాట్లాడే తీరు మారుతుంది. నేను చాలాసార్లు చూశాను.

ఆ నోటునే చదివించండి కూడా. దాని మీద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం పైన ఒక ఇంగ్లీషు వాక్యం ఉంటుంది. "ఐ ప్రామిస్ టు పే ద బేరర్ ద సమ్ ఆఫ్" అని మొదలై నోటు విలువతో ముగుస్తుంది. రోజూ చేతుల్లో నలిగే వాక్యమే గానీ చదివినవాళ్లు తక్కువ. ప్రామిస్, పే, బేరర్, సమ్, నాలుగు మాటలు ఒక్క చోట దొరుకుతాయి. బేరర్ అంటే చేతిలో పట్టుకుని వచ్చినవాడు. వెంటనే ఒక చెక్కు చూపించండి. పేరు రాసే గీత చివర 'ఆర్ బేరర్' అని ఉంటుంది. దాన్ని కొట్టేయకపోతే, చెక్కు మీద రెండు అడ్డగీతలు గీసి క్రాస్ చేయకపోతే, అది తెచ్చిన మనిషి చేతికి డబ్బు పోయే వీలుందని అప్పుడు వాళ్లకే అర్థమవుతుంది. నోటు తిప్పితే 15 భాషల పట్టీ ఉంటుంది. తెలుగు కింది నుంచి రెండోది. డ్వాక్రా అక్కలు అది వెతికి పట్టుకుని చదువుకుంటుంటే గదిలో ఎంత ఉత్సాహం వస్తుందో మీరే చూస్తారు.

చెక్కు మీద పేరు రాయించుకునే మనిషి 'పేయీ'. ఇక్కడ చిన్న కిటుకు ఉంది. చివర 'ఈ' అని సాగితే చాలా మాటల్లో ఆ మనిషి పుచ్చుకునేవాడు అనుకోవచ్చు. పేయీ, నామినీ, కౌలుకు తీసుకునే లెస్సీ. ఎదురుగా ఇచ్చేవాడు పేయర్, లెసర్. అన్ని మాటలకూ ఇది పొసగదు గానీ, ఫారం నింపేటప్పుడు ఏ గడిలో ఎవరి పేరు రాయాలో తేల్చుకోవడానికి పనికొస్తుంది.

మన ప్రాంతపు మాటలను అడ్డం అనుకోకండి, వాటితోనే మొదలుపెట్టండి. 'బాడుగ' తీసుకోండి. ఇంటికి బాడుగ, ఆటోకు బాడుగ, ట్రాక్టరుకు బాడుగ. మూడింటికీ మనకు ఒకటే మాట. ఇంగ్లీషులో ఇంటిది రెంట్, ఆటోలో కూర్చున్నందుకు ఇచ్చేది ఫేర్, ట్రాక్టరు రెండు గంటలు తెచ్చుకుంటే ఇచ్చేది హైర్ ఛార్జి. మీ ఆటో డ్రైవరు రోజంతా అందుకునేది ఫేర్, తను ఉండే ఇంటికి కట్టేది రెంట్. ఆయన జీవితంలోనే రెండూ ఉన్నాయి కాబట్టి ఆయన చేతే క్లాసుకు చెప్పించండి. జీతం, కూలి కూడా ఇలాంటివే. నెలకు ఒకసారి వచ్చేది శాలరీ, రోజుకో వారానికో లెక్కగట్టి ఇచ్చేది వేజ్. 'కుదువ' దగ్గర మాత్రం ఆగి చెప్పండి. బంగారం కుదువ పెడితే ప్లెడ్జ్, ఇల్లో పొలమో పెడితే మార్ట్‌గేజ్. బంగారం అయితే వస్తువే వాళ్ల లాకర్లోకి పోతుంది. ఇల్లయితే మనం అందులోనే ఉంటాం, కాగితాలు మాత్రం వాళ్ల దగ్గరుంటాయి.

కొన్ని చోట్ల తెలుగే మనకు సాయం చేస్తుంది. 'హౌ మచ్', 'హౌ మెనీ' తేడా గురించి గ్రామర్ పుస్తకాలు పేజీలకు పేజీలు రాస్తాయి. మనం డబ్బు ఎంత అంటాం, రూపాయలు ఎన్ని అంటాం. ఎంత అంటే మచ్, ఎన్ని అంటే మెనీ. అర నిమిషంలో అయిపోతుంది, ముందుకు పోండి.

మనం ఇప్పటికే తెలుగులో కలుపుకున్న ఇంగ్లీషు మాటలతో మాత్రం జాగ్రత్త. డిపాజిట్, లోను, చెక్కు, డ్యూ, బ్యాలెన్సు, ఈఎంఐ, ఇవన్నీ చదువురాని అవ్వలు కూడా అంటారు. బ్యాంకు ఫారాల మీది తెలుగు కంటే ఇవే సులువు. డబ్బు తీసుకునే ఫారం మీద 'ఉపసంహరణ' అని ఉంటే మా పక్కింటి పెద్దాయన నన్ను పిలిచి దాని అర్థం అడిగారు. విత్‌డ్రా అనగానే, "అదా, అట్లా రాయొచ్చు గదా" అన్నారు. కాబట్టి మీ క్లాసు సున్నా నుంచి మొదలవడం లేదు, వాళ్ల దగ్గర ముప్పై మాటలైనా ఉన్నాయి. చిక్కేమిటంటే వాటిలో కొన్నిటికి మన వాడుకలో అర్థం కాస్త పక్కకు జరిగింది. "బ్యాలెన్స్ రేపిస్తా" అంటే ఇంకా ఇవ్వాల్సింది. అదే ఏటీఎంలో బ్యాలెన్స్ అంటే మనకు ఉన్నది. ఇంగ్లీషులో రెండు అర్థాలూ ఉన్నాయి గానీ, ఇవ్వాల్సిన దానికి 'బ్యాలెన్స్ డ్యూ' అని తోక తగిలిస్తారు. ఇక డ్యూ. మనవాళ్లు "రెండు డ్యూలు పడ్డాయి" అంటే కట్టకుండా తప్పినవని అర్థం. "యువర్ ఈఎంఐ ఈజ్ డ్యూ ఆన్ ఫిఫ్త్" అని మెసేజ్ వస్తే, కంతు తప్పిందేమో అని ఒకటో తారీఖునే టెన్షన్ పడతారు. డ్యూ అంటే ఆ తారీఖుకు కట్టాలి అని మాత్రమే. తారీఖు దాటిపోతే అది 'ఓవర్‌డ్యూ'. ఈ రెండింటి తేడా పలక మీద రాయించి, ఒక్కొక్కరి చేత ఒక్కో వాక్యం చెప్పించండి.

ఫోన్ మెసేజీలకు ఒక సాయంత్రం మొత్తం కేటాయించండి. చిన్న మాటలే దిక్కు చెబుతాయి. 'క్రెడిటెడ్ టు యువర్ అకౌంట్' అంటే లోపలికి, 'డెబిటెడ్ ఫ్రమ్ యువర్ అకౌంట్' అంటే బయటికి. కానీ కొన్ని బ్యాంకుల మెసేజీల్లో రెండు మాటలూ ఒకే వాక్యంలో ఉంటాయి. మన ఖాతా నంబరు పక్కన డెబిటెడ్ అని, కొంచెం ముందుకు పోతే షాపు పేరు పక్కన క్రెడిటెడ్ అని. కళ్లకు క్రెడిటెడ్ కనబడగానే డబ్బు వచ్చిందని సంతోషపడేవాళ్లున్నారు. అందుకని మెసేజ్ చేతికి రాగానే మొదట ఎవరి ఖాతా అని వేలు పెట్టి చూపించమనండి. ఆ తర్వాతే క్రియ చదవాలి. ఆ సాయంత్రమే పే, రిసీవ్, రిక్వెస్ట్, అప్రూవ్, రీఫండ్ ఈ ఐదూ చెప్పాలి. రీఫండ్ ఇస్తాం, అప్రూవ్ నొక్కి పిన్ కొట్టండి అని ఫోన్ చేసి డబ్బు లాగేసే మోసగాళ్లకు ఈ మాటలు తెలియని మనిషే కావాలి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే డబ్బు పోతుంది. ఒకవేళ పోతే వెంటనే 1930 కి ఫోన్ చేయాలి. ఆ నంబరు బోర్డు మీద రాసి, నోటుబుక్కు అట్ట లోపల రాయించండి.

అంకెలను చాలామంది టీచర్లు తేలిక అనుకుని వదిలేస్తారు. మీరు వదలకండి. కాగితం మీద తప్పు రాదు, చెవిలో వస్తుంది. ఫిఫ్టీన్, ఫిఫ్టీ. మనం రెండింటినీ చివర సాగదీసి పలుకుతాం, ఫోన్లో ఆ 'న్' మింగుడు పడిపోతుంది. ఇంగ్లీషు వాళ్లు పదిహేను అన్నప్పుడు చివరి భాగాన్ని నొక్కుతారు, యాభై అన్నప్పుడు మొదటి భాగాన్ని నొక్కి చివర కురచగా వదిలేస్తారు. థర్టీన్ థర్టీ, సిక్స్‌టీన్ సిక్స్‌టీ అన్నీ ఇంతే. మీరు వెనక్కి తిరిగి, మొహం కనబడకుండా చదవండి. వాళ్లు అంకె రాయాలి. సందేహం వస్తే "వన్ ఫైవ్ ఆర్ ఫైవ్ జీరో?" అని అడగడం నేర్పండి. బ్యాంకువాళ్లు కూడా ఒకరినొకరు అలాగే అడుగుతారు కాబట్టి సిగ్గుపడాల్సిన పని లేదు. చెక్కు మీద అక్షరాల్లో రాసేటప్పుడు ఫార్టీలో 'యు' ఉండదని, నైంటీలో 'ఇ' పోదని, చివర 'ఓన్లీ' రాసి గీత కొట్టాలని చెప్పండి. చెక్కు మీద వేసిన తారీఖు నుంచి మూడు నెలలే అది చెల్లుతుందన్నది కూడా అక్కడే చెప్పేయండి. బెంగళూరు పోయే పిల్లలకు మాత్రం మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు అని, కామాలు పడే చోటు మారుతుందని చూపించాలి. వాళ్లకే ఇంకో రెండు మాటలు కావాలి. సీటీసీ ఒకటి, అంటే మన మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. ఇన్‌హ్యాండ్ ఒకటి, అంటే మన చేతికొచ్చేది. ఏడాదికి 3,60,000 సీటీసీ అంటే నెలకు 30,000 చేతికొస్తుందని లెక్కేసుకుని, మొదటి నెల జీతం చూసి కుంగిపోతారు. కంపెనీ మన పేరు మీద కట్టే పీఎఫ్ కూడా ఆ సీటీసీలో కలిపి చెప్పేదే. ఆపైన మన వాటా పీఎఫ్ జీతంలోంచి కోస్తారు. డిడక్షన్ అంటే కోత, గ్రాస్ అంటే కోతకు ముందు మొత్తం, నెట్ అంటే కోత పోగా మిగిలింది. ఈ మాటలు ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే తెలియాలి.

ఇక వడ్డీ. అమ్మా, మొత్తం పాఠంలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. మన దగ్గర "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. బ్యాంకు కాగితం మీద 'ట్వెల్వ్ పర్సెంట్ పర్ యానమ్' అని ఉంటే, అది ఏడాదికి. రెండు చిన్నది, పన్నెండు పెద్దది అనుకుని బ్యాంకు వదిలేసి బయట తెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు. బోర్డు మీద లెక్క వేసి చూపండి. 50,000 రూపాయలు ఆరు నెలలకు రెండు రూపాయల వడ్డీకి తెస్తే వడ్డీ 6,000. అదే ఏడాదికి 12 శాతం చొప్పున అయితే 3,000. రెండు రూపాయల వడ్డీ అంటే ఇంగ్లీషులో ఏడాదికి 24 పర్సెంట్. 'పర్ మంత్', 'పర్ యానమ్' ఈ రెండు తోకలూ నోటికి రావాలి. అసలు అంటే ప్రిన్సిపల్, బడి ప్రిన్సిపల్ స్పెల్లింగే. బారువడ్డీ సింపుల్ ఇంటరెస్ట్, చక్రవడ్డీ కాంపౌండ్ ఇంటరెస్ట్. ఇవి హైస్కూల్లో చదివినవాళ్లకు గుర్తుకొస్తాయి.

ఆటోకు ఫైనాన్స్ తీసుకున్న మనిషి మీ క్లాసులో ఉన్నారు కాబట్టి 'ఫ్లాట్', 'రెడ్యూసింగ్' కూడా చెప్పాల్సిందే. లక్ష రూపాయలు ఏడాదికి 12 పర్సెంట్ ఫ్లాట్ అంటే, నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే వేస్తారు. 12,000 వడ్డీ, నెలకు 9,333 కంతు. అదే 12 పర్సెంట్ రెడ్యూసింగ్ అయితే మిగిలిన అసలు మీదే వడ్డీ, నెలకు 8,885. ఏడాది వడ్డీ సుమారు 6,600 దగ్గర ఆగుతుంది. రెండు కాగితాల మీదా 12 అనే ఉంటుంది. తేడా అంతా ఆ పక్క మాటలో ఉంది. ఇంగ్లీషు పాఠం ఇంటి ఖర్చుల్లో కనబడేది ఇలాంటి చోటే.

నేను ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానంటే, నాకు జరిగింది ఉంది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో తోటి టీచరు ఒకరు ఇల్లు కట్టుకోవడానికి లోను తీసుకుంటూ జామీను సంతకం అడిగారు. ముగ్గురం పెట్టాం. కాగితాలన్నీ ఇంగ్లీషులోనే. నేను ఇంగ్లీషు టీచర్ని, ప్రతి అక్షరం చదివాను. 'జాయింట్లీ అండ్ సెవరల్లీ' అన్న చోట సెవరల్ అంటే చాలామంది కదా, ముగ్గురం కలిసి బాధ్యులం, నా వంతుకు మూడో భాగం అనుకున్నాను. ఆయన కంతులు ఆపేశాక నోటీసు నా పేరు మీద వచ్చింది, మొత్తం సొమ్ముకు. ఆఫీసులో గుమాస్తా నా సంతకం కింద ఉన్న ఆ మూడు మాటల మీద పెన్నుతో సున్నా చుట్టి కాగితం నావైపు తిప్పాడు. సెవరల్లీ అంటే ఎవరికి వారుగా, విడివిడిగా. అంటే ముగ్గురిలో ఎవరి నుంచైనా మొత్తం వసూలు చేసుకోవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128 వ సెక్షన్ ప్రకారం జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం, కాగితంలో వేరేగా రాసుకుంటే తప్ప. అది నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. పంతొమ్మిది నెలలు నా జీతంలోంచి కట్ అయింది. ఆ ఏడాది మా అమ్మాయిని అనుకున్న కాలేజీలో చేర్చలేకపోయాను.

డ్వాక్రా లీడర్లు సంఘం పేరు మీద సంతకాలు పెట్టేవాళ్లు. వాళ్లకు 'జాయింట్లీ అండ్ సెవరల్లీ' అన్న ఈ మూడు మాటలు తప్పకుండా చెప్పండి. బారోయర్, కో-బారోయర్, గ్యారంటర్ ఎవరెవరో, ఏ గీత మీద ఎవరు సంతకం పెడుతున్నారో చూపించండి.

ఇంకో సంగతి కూడా వాళ్లకు చేరాలి. 2024 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కొత్తగా మామూలు జనానికి, చిన్న వ్యాపారులకు లోను ఇచ్చేటప్పుడు 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఎంత అప్పు, ఎంత వడ్డీ, ఏయే ఛార్జీలు, అన్నీ కలిపితే ఏడాదికి ఎంత పర్సెంట్ పడుతుంది అన్నవి అందులో ఉంటాయి. అది అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలని కూడా ఆ నిబంధనలోనే ఉంది. "ప్లీజ్ గివ్ మీ ద కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇన్ తెలుగు" అన్న ఒక్క వాక్యం పన్నెండు మందికీ నోటికి వచ్చేదాకా చెప్పించండి. తెలుగు కాగితం, ఇంగ్లీషు కాగితం రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మీ అరవై మాటల్లో సగం అందులోనే దొరుకుతాయి, ఈసారి ఒక అర్థంతో కాదు, ఒక పనితో.

క్లాసుకు పాత స్లిప్పులు, స్టేట్‌మెంట్లు తెమ్మనండి. తెచ్చేముందు ఖాతా నంబర్ల మీద, ఫోన్ నంబర్ల మీద కాగితం ముక్క అంటించమని గట్టిగా చెప్పండి. పిన్, ఓటీపీ మాటలు నేర్పేటప్పుడు ఎవరూ తమవి నోటితో చెప్పకూడదు, ఉదాహరణకు కూడా. అప్పుల గురించి మాట్లాడేటప్పుడు "మీకెంత అప్పుంది" అని ఏ ఒక్కరినీ అడగకండి. మన దగ్గర శెనక్కాయలు ఒక ఏడాది పండి మూడేళ్లు ఎండిన ఇళ్లున్నాయి. ఆ మనిషి మరుసటి రోజు నుంచి క్లాసుకు రారు. బదులుగా బోర్డు మీద ఊహించుకున్న ఒక ఇంటిని పెట్టుకోండి. మూడెకరాలు, రెండు ఆవులు, ఒక బంగారు గొలుసు కుదువలో, కొడుకు ఫీజు, సంఘంలో పొదుపు. ప్రతి వారం ఆ ఇంటికి ఏదో ఒకటి జరగాలి. ఒక వారం పాల డబ్బు పడుతుంది, ఒక వారం కంతు వస్తుంది, ఒక వారం గొలుసు విడిపించుకోవాలి. క్లాసంతా కలిసి ఆ ఇంటి లెక్క ఇంగ్లీషులో రాయాలి. తమ సంగతులు ఆ ఇంటి పేరుతో వాళ్లే చెప్పుకుంటారు, మీరు అడగనక్కర్లేదు. వారానికి ఏడెనిమిది కొత్త మాటలు చాలు. పాతవి మళ్లీ మళ్లీ ఆ లెక్కలోనే తిరుగుతుంటాయి.

షేర్ మార్కెట్ సంగతి అడిగారు. ఇప్పుడే వద్దు. డివిడెండ్, పోర్ట్‌ఫోలియో లాంటి మాటలు ఆ పిల్లలకు ఎప్పుడైనా దొరుకుతాయి, ఫోన్లో వద్దన్నా వినబడుతున్నాయి. మరీ పట్టుబడితే ఒక్క రోజు షేర్, ప్రాఫిట్, లాస్, రిస్క్ చెప్పి, 'గ్యారంటీడ్ రిటర్న్స్' అని ఎవరైనా మెసేజ్ పెడితే ఆ మనిషికి దూరంగా ఉండమని చెప్పి ఆపేయండి. ముందు మీ ఆటో డ్రైవరు ఫైనాన్స్ కాగితం చూడాలి. తెస్తానని ఆయన అన్న రోజు, అనుకున్న పాఠం పక్కన పెట్టి, ఆయన పక్కన కూర్చుని ఫ్లాట్ అని ఎక్కడ రాసుందో ఇద్దరూ కలిసి వెతకండి.